డాలస్ పక్కన ప్లేనోలోనూ అమ్మకపు పన్ను 8.25 శాతం, ఫ్రిస్కోలోనూ 8.25. మరి అందులో ఊరి వాటా రెండు సెంట్లు ఎక్కడికి పోతున్నాయి?

పప్పుచారు (ప్లేనో) | శనివారం, నవంబర్ 22, 2025, రాత్రి 8:15

ఇవాళ సరుకులు తెచ్చాక రశీదు ముందేసుకుని కూర్చున్నా. మొత్తం 120 డాలర్ల సరుకు. బియ్యం బస్తా, కందిపప్పు, కూరగాయలు, పెరుగు వీటిమీద పన్ను లేదు. రెండు స్టీలు డబ్బాలు, కుక్కరు గాస్కెట్, అగరొత్తులు, అక్కడే వేయించి ఇచ్చిన సమోసాలు, ఇవన్నీ కలిపి 48 డాలర్లు. వాటిమీద 3.96 వేశాడు. పోయిన వారం ఫ్రిస్కోలో కొన్నా అదే 8.25 శాతం.

నా సందేహం: అక్కడా ఇక్కడా రేటు ఒకటే అయినప్పుడు మా ఊళ్లో మాత్రమే డార్ట్ (డాలస్ చుట్టుపక్కల బస్సులు, రైళ్లు నడిపే సంస్థ) గురించి ఎందుకింత గొడవ? మా ఆఫీసులో ఇద్దరు దీని మీద మాట్లాడుకోవడం మానేశారు, నిజంగా. 14 ఏళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నా, ఎటు పోతోందో ఇవాళే అడుగుతున్నా. నవ్వొద్దు.

లెక్కలపిచ్చి (రిచర్డ్‌సన్) | రాత్రి 8:41

నవ్వడం లేదు అన్నా, చాలామందికి తెలియదు. టెక్సస్‌లో రాష్ట్రం వాటా 6.25. దాని మీద స్థానికంగా ఎవరు ఎంత వేసుకున్నా, అన్నీ కలిపి 2 శాతం దాటకూడదు. అందుకే చుట్టుపక్కల ఎక్కడ చూసినా 8.25. తేడా అంతా ఆ రెండు సెంట్లను ఎవరు ఎలా పంచుకున్నారన్న దాంట్లో ఉంది.

ప్లేనోలో ఒక సెంటు సిటీకి, ఒక సెంటు డార్ట్‌కి. ఫ్రిస్కోలో ఒక సెంటు సిటీకి, అర సెంటు ఈడీసీకి, అర సెంటు సీడీసీకి. మొదటిది కంపెనీలను ఊరికి రప్పించడానికి, రెండోది పార్కులు, స్టేడియాల్లాంటి వాటికి. జనం ఓటేస్తేనే ఇవి వస్తాయి, కౌన్సిల్ తన ఇష్టానికి వేసుకోలేదు.

మీ రశీదు లెక్క: 3.96లో 3 డాలర్లు ఆస్టిన్‌కి, అంటే రాష్ట్రానికి. 48 సెంట్లు ప్లేనో సిటీకి. 48 సెంట్లు డార్ట్‌కి. గొడవంతా ఆ రెండో 48 సెంట్ల మీదే.

ఫ్రిస్కో శీను | రాత్రి 8:58

అందుకే మేము డార్ట్‌లో చేరలేదు. ఆ సెంటుతో ఏం చేశామో ఒకసారి టోల్‌వే మీద వచ్చి చూసుకోండి. టొయోటా స్టేడియం, కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు స్టార్, పీజీఏ గోల్ఫ్ కేంద్రం. మీరేమో ఖాళీ బస్సులు తిప్పుకోండి.

లెక్కలపిచ్చి | రాత్రి 9:06

శీనూ, "చేరలేదు" కాదు, ఇప్పుడు చేరాలన్నా చేరలేరు. మీ రెండు సెంట్లూ నిండిపోయాయి. డార్ట్‌కి ఒక సెంటు ఇవ్వాలంటే ఈడీసీ, సీడీసీ రెండూ వదులుకోవాలి. అలెన్, మెకిన్నీ పరిస్థితీ అంతే. మరి మీ ఊళ్లో కళాకేంద్రం కడతామంటే మే నెలలో జనమే కాదన్నారుగా?

ఫ్రిస్కో శీను | రాత్రి 9:11

కాదన్నాం. ఏది అవసరమో ఏది షోకో మాకు తెలుసు. దానికీ డార్ట్‌కీ ఏంటి సంబంధం?

పప్పుచారు | రాత్రి 9:20

సరే, ఇద్దరూ ఆగండి. డార్ట్ గొడవ ఏంటో నాలాంటి వాడికి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

లెక్కలపిచ్చి | రాత్రి 9:52

కొంచెం పొడుగు, టీ పెట్టుకుని చదవండి.

1983లో డాలస్, చుట్టుపక్కల ఊళ్ల జనం ఓటేసి డార్ట్‌ని పెట్టుకున్నారు. డాలరుకో సెంటు. ఇప్పుడు అందులో 13 ఊళ్లున్నాయి. కొప్పెల్, ఫ్లవర్ మౌండ్ 1989లోనే ఓటు పెట్టుకుని బయటికి పోయాయి. అంటే పోవడం కొత్తేమీ కాదు. కాకపోతే చట్టప్రకారం ఆరేళ్లకోసారే ఆ ఓటు పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆ అవకాశం వచ్చింది. ఈ నెల మొదటి వారంలో ప్లేనో, అర్వింగ్, ఫార్మర్స్ బ్రాంచ్, హైలాండ్ పార్క్ కౌన్సిళ్లు "ఉండాలా పోవాలా" అని 2026 మే 2న జనాన్ని అడగాలని తీర్మానించాయి.

ప్లేనో వాళ్ల బాధ ఏంటంటే, 2023 సంవత్సరానికి ఒక ఆడిట్ సంస్థ లెక్క కట్టింది. ప్లేనో ఇచ్చింది దాదాపు 11 కోట్ల డాలర్లు, ప్లేనో కోసం ఖర్చయింది నాలుగున్నర కోట్ల లోపు. డార్ట్ వాళ్లు ఆ లెక్కే తప్పంటారు. రైలు పట్టా డాలస్‌లో ఉన్నా దాని మీద ప్లేనో మనిషే వెళ్తాడు కదా, ఊరి గీత గీసి ఖర్చు ఎలా విడదీస్తావు అని. రెండు వాదనలూ సబబే. నాకైతే రెండోదే నచ్చుతుంది, ఎందుకంటే నేను డార్ట్ రెడ్ లైన్ రైలు ఎక్కుతాను. మనిషి తను కూర్చున్న సీటు నుంచే మాట్లాడతాడు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. జనం "పోదాం" అని ఓటేస్తే, ఫలితం అధికారికంగా ఖాయం చేసిన మర్నాటి నుంచే బస్సులు, రైళ్లు ఆ ఊళ్లో బంద్. కానీ పన్ను మాత్రం ఆగదు. డార్ట్ అప్పుల్లో ఆ ఊరి వాటా తీరేదాకా ఆ సెంటు వసూలవుతూనే ఉంటుంది. బస్సు లేని బస్సు పన్ను అన్నమాట, కొన్నేళ్లపాటు.

పప్పుచారు | రాత్రి 10:01

ఆ చివరి పేరా మూడుసార్లు చదివా. మా కౌన్సిల్ మీటింగులో ఈ ముక్క ఎవరూ గట్టిగా చెప్పినట్టు లేదు.

రాత్రిషిఫ్టు (ప్లేనో) | రాత్రి 11:48

ఇప్పుడే ఇంటికొచ్చా. ఖాళీ బస్సులన్న శీను గారికి. ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే పని అనుమతి) మీద ఉన్నాను, కారు లేదు. డ్యూటీ డాలస్ డౌన్‌టౌన్‌లో. ఇంటి దగ్గర బస్సు, పార్కర్ రోడ్‌లో రైలు. సాయంత్రం బస్సులో నాతో పాటు ఎక్కేది మామూలుగా నలుగురైదుగురు. హోటల్లో గిన్నెలు కడిగే ఆయన, ఇంకో ఆవిడ వృద్ధుల ఇంట్లో నైట్ డ్యూటీ. మీరు కారులోంచి చూసినప్పుడు ఆ ఐదుగురు కనపడరు, నలభై సీట్ల బస్సు కనపడుతుంది.

డార్ట్ కొత్త రైలు సిల్వర్ లైన్ పోయిన నెల 25న మొదలైంది. ప్లేనో నుంచి ఎయిర్‌పోర్టుకి నేరుగా, 26 మైళ్లు. అమ్మానాన్న జనవరిలో వస్తున్నారు, రైల్లోనే తీసుకొద్దామనుకుంటున్నా. మే తర్వాత వాళ్లని తిరిగి ఎయిర్‌పోర్టులో దింపేటప్పుడు ఆ రైలు మా ఊళ్లో ఆగుతుందో లేదో.

బదులుగా యాప్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్ల మాట అంటున్నారు. పొద్దున ఏడింటికి వందమంది ఒకేసారి పిలిస్తే ఎన్ని వ్యాన్లు వస్తాయి?

రోజా అర్లింగ్టన్ | ఆదివారం, నవంబర్ 23, ఉదయం 7:30

వ్యాన్ల సంగతి నన్నడుగు తల్లీ. మా ఊళ్లో ఉన్నవి అవే. అర్లింగ్టన్ జనం బస్సు పన్నుని ఒకసారి కాదు, చాలాసార్లు కాదన్నారు. అదే జనం 2004లో కౌబాయ్స్ స్టేడియానికి అర సెంటు సరే అన్నారు! బస్సుకి కాదు, బంతికి అవును. హోటల్ గదుల మీద, అద్దె కార్ల మీద కూడా వేశారు. స్టేడియం 2009లో తెరిచారు. ఆ అప్పు తీరాక అర సెంటు పోతుందిలే అనుకుంటుండగా 2016లో రేంజర్స్ బేస్‌బాల్ జట్టుకి కొత్త స్టేడియం మాట వచ్చింది. మళ్లీ ఓటు, మళ్లీ అదే అర సెంటు.

ఇప్పుడు మా రెండు సెంట్లు ఇవీ: సిటీకి ఒకటి, స్టేడియాలకి అర, రోడ్ల మరమ్మతుకి పావు, 2020లో ఓటేసిన ఈడీసీకి పావు. రోడ్ల పావు సెంటుని మాత్రం నేను తిట్టను. దానికి గడువుంది, గడువు తీరినప్పుడల్లా జనం దగ్గరికొచ్చి అడగాలి. మా వీధి గుంటలు పూడ్చింది ఆ డబ్బుతోనే.

తాత్కాలికం అన్న పన్ను తాత్కాలికంగా ఉండటం నేనింకా చూడలేదు. వానకాలం తలుపు మూలకి పెట్టిన గొడుగులాంటిది, ఎండాకాలంలోనూ అక్కడే ఉంటుంది.

ఒక్లహోమా ఒంటరి | ఉదయం 8:22

చూడాలంటే మా ఊరు రండి. ఒక్లహోమా సిటీలో ఆ పన్నుకి గడువుంటుంది, నిజంగానే తీరుతుంది. తీరగానే ఇంకో దానికి ఓటు పెడతారు, అది వేరే సంగతి.

కథ ఇదీ. 1991లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానాల మరమ్మతు కేంద్రం పెడతామంది. మా సిటీ దానికోసం నానా తంటాలు పడింది, పన్ను రాయితీలు ఎగబోసింది. అది ఇండియానాపొలిస్‌కి పోయింది. మా దగ్గర డబ్బుకి లోటు లేదు, ఊళ్లో బతకాలని మనుషులకి అనిపించలేదంతే. అప్పటి మేయర్ రాన్ నోరిక్ కంపెనీలకి ఎర వేయడం తగ్గించి ఊరినే బాగుచేద్దామన్నాడు. 1993 డిసెంబరులో ఓటు. డాలరుకో సెంటు, ఐదేళ్లు, అప్పు చేయకుండా వచ్చిన డబ్బుతోనే కట్టాలి. 54 శాతంతో గట్టెక్కింది. దానికి మ్యాప్స్ అని పేరు. బేస్‌బాల్ మైదానం, బ్రిక్‌టౌన్ కాలవ, అరీనా, లైబ్రరీ అన్నీ దాంతోనే. ఐదేళ్లకి డబ్బు సరిపోక మళ్లీ జనాన్ని అడిగి ఆరు నెలలు పొడిగించుకున్నారు. ఆరు నెలలే!

తర్వాత 2001లో బడులకి, 2009లో మ్యాప్స్ 3, 2019లో మ్యాప్స్ 4. ఈ నాలుగోది ఎనిమిదేళ్లు, 97.8 కోట్ల డాలర్లు, 16 పనులు. అందులో పార్కులతో పాటు మానసిక ఆరోగ్య కేంద్రాలు, ఇళ్లు లేని వాళ్లకి ఇళ్లు కూడా ఉన్నాయి. 2023 డిసెంబరులో థండర్ బాస్కెట్‌బాల్ జట్టు కొత్త అరీనాకి ఇంకో ఆరేళ్లు, 71 శాతం సరే అన్నారు. రోజా గారూ, మాకూ బంతి జబ్బు ఉంది.

మ్యాప్స్ సెంటు కాక మా సిటీ వాటాలో ఇంకా ఏమున్నాయో చెబితే నవ్వొస్తుంది. పోలీసులకి, ఫైర్ వాళ్లకి కలిపి ముప్పావు సెంటు, 1989 నుంచి. జూకి ఎనిమిదో వంతు సెంటు, 1990 నుంచి. అవును, జూకి. నేను పాలు కొన్నప్పుడల్లా ఏనుగు వాటా ఒకటి పక్కన పెడుతున్నా. రోజువారీ ఖర్చుల వాటాతో సహా మొత్తం కలిపితే సిటీది 4.125, రాష్ట్రానిది 4.5.

కిరాణాకొట్టు (అర్వింగ్) | ఉదయం 9:05

పాల మీద కూడా పన్నా?

ఒక్లహోమా ఒంటరి | ఉదయం 9:10

ఉంది. సరుకుల మీద రాష్ట్రం తన వాటాని పోయినేడాది ఆగస్టు చివర్లో తీసేసింది. సిటీ వాటా అలాగే ఉంది. తీసేస్తే సిటీ నడవదు. ఒక్లహోమాలో ఆస్తిపన్నుని ఊళ్లు రోజువారీ ఖర్చుకి వాడుకోకూడదు, అప్పులు తీర్చడానికే. పోలీసు జీతం కావాలంటే జనం షాపింగ్ చేయాలి. ధరలు పడిపోయినా, జనం కొనడం తగ్గించినా సిటీ హాల్లో టెన్షన్ మొదలవుతుంది. వాళ్లకి మనం పౌరులం కాదు, కొనుగోలుదారులం.

అట్లాంటా ఆవకాయ | ఉదయం 9:31

జార్జియాలో కూడా అంతే. ఫోర్‌సైత్ కౌంటీలో 7 శాతం. సరుకుల మీద రాష్ట్రం 4 తీసుకోదు, స్థానికం 3 తీసుకుంటుంది. అందులో ఒక సెంటు స్ప్లాస్ట్ (జనం ఓటేసిన నిర్మాణ పనుల పన్ను), ఒకటి బడులది. స్ప్లాస్ట్ డబ్బుతో కట్టడాలు కట్టాలి, వాహనాలు కొనాలి, జీతాలివ్వకూడదు. అందుకే కొత్త ఫైర్ స్టేషన్ గబగబా లేస్తుంది, అందులో కూర్చోడానికి మనిషి ఎక్కడి నుంచి వస్తాడన్నది ఇంకో తగువు.

కిరాణాకొట్టు | ఉదయం 10:17

వసూలు చేసే వాడి మాట కూడా వినండి. మీరిచ్చే ప్రతి సెంటూ ముందు నా గల్లాపెట్టెలోనే పడుతుంది. నెలనెలా 20వ తారీఖులోగా కంప్ట్రోలర్‌కి, అంటే రాష్ట్ర పన్నుల అధికారికి కట్టాలి. టైముకి కడితే అర శాతం నాకు ఉంచుకోనిస్తారు. వంద డాలర్ల పన్నుకి యాభై సెంట్లు, ఇదే నా కమీషను. ఒక్కరోజు ఆలస్యమైతే 50 డాలర్లు జరిమానా. నేను కట్టింది అక్కడ విడదీసి ఊళ్లకి, డార్ట్‌కి పంపుతారు.

సమోసా సంగతి ఎవరో ఎత్తారు కాబట్టి చెబుతున్నా. ఫ్రీజర్‌లోది తీసుకెళ్తే పన్ను లేదు. నేను వేయించి వేడిగా ఇస్తే ఉంది. దీనికి నాతో పోట్లాడే వాళ్లు వారానికి ఇద్దరు తప్పకుండా వస్తారు. ఒకాయన, పేరు చెప్పను, "చల్లారాక ఇవ్వు" అన్నాడు.

ఇక డార్ట్ మాట. నా కొట్లో ముగ్గురు పిల్లలు బస్సులో, ఆరెంజ్ లైన్‌లో వస్తారు. మే తర్వాత బస్సు లేకపోతే వాళ్లకి నేను కారు పూల్ పెట్టాలి, లేదా మనుషుల్ని మార్చాలి. మా అర్వింగ్ కౌన్సిల్‌కి అది లెక్కలో కనపడదు. పన్ను ఎక్కువైందన్న కస్టమర్‌ని నేను చూడలేదు గానీ, బస్సు రాలేదని ఆలస్యంగా వచ్చిన కుర్రాణ్ని చూశా.

ఫ్రిస్కో శీను | ఉదయం 10:40

అన్నా, నీ కొట్టు గొప్పదే. కానీ ఒక ఊరు కోట్లు కట్టి సగం కూడా తిరిగి రాకపోతే అడగొద్దా? నేను ప్లేనోలో ఉంటే నేనూ అడుగుతా. అడగడం తప్పు కాదు.

కిరాణాకొట్టు | ఉదయం 10:44

అడగడం తప్పు కాదు తమ్ముడూ. తలుపు తీసుకుని వెళ్లిపోతా అంటూ అడగడమే.

తెనాలి తాతయ్య | ఉదయం 11:26

నమస్కారం. మా అబ్బాయి ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది, ఈ చర్చ వాడే చూపించాడు. పురపాలక సంఘంలో బిల్ కలెక్టరుగా చేరి రెవెన్యూ విభాగంలో రిటైరయిన వాణ్ని. 31 ఏళ్లు ఇంటి పన్ను వసూలు చేశాను కాబట్టి నాలుగు మాటలు.

మన దగ్గర ఇంటిపన్ను ఆర్నెల్లకోసారి. ఏడాదిది ఒకేసారి ఏప్రిల్‌లో కట్టేస్తే 5 శాతం రాయితీ. ఆ బిల్లులోనే గ్రంథాలయ సెస్ రూపాయికి 8 పైసలు ఉంటుంది. ఆ 8 పైసలు ఎందుకని నన్నడిగిన వాళ్లు 31 ఏళ్లలో పదిమంది కూడా ఉండరు. 2017లో జీఎస్టీ వచ్చాక అమ్మకాల మీద వచ్చేది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటున్నాయి. మున్సిపాలిటీకి అందులో నేరుగా పైసా లేదు, గ్రాంటు కోసం ఎదురుచూడాలి. తెనాలి బజార్లో ఎంత బంగారం అమ్ముడైనా తెనాలి డ్రైనేజీకి దాంతో సంబంధం లేదు.

అందుకే మీ పద్ధతి నాకు వింతగానూ ఉంది, కొంచెం అసూయగానూ ఉంది. ఫలానా పనికి, ఫలానా ఏళ్లకి, ఇంత, ఇస్తారా అని అడగడం. మా రోజుల్లో పన్ను పెంచితే జనం వచ్చి కౌన్సిలర్ని అడిగేవారు, కౌన్సిలర్ మమ్మల్ని అడిగేవాడు, మేము జీవో చూపించేవాళ్లం. అంతటితో సరి.

ఒక్క సందేహం. పన్ను కొన్నవాడల్లా కడుతున్నాడు. ఓటు అందరికీ ఉందా?

పప్పుచారు | ఉదయం 11:40

లేదు బాబాయ్ గారూ. నాకు లేదు, మా ఆవిడకి లేదు. ఇద్దరం హెచ్‌1బి. గ్రీన్ కార్డు లైన్లో ఉన్నాం, ఆ లైను కదలదు. రాత్రిషిఫ్టు అమ్మాయికీ లేదు. ఆ బస్సులో ఎక్కే ఐదుగురిలో ఎంతమందికి ఉందో.

బేఏరియా బావ | మధ్యాహ్నం 12:15

ఇక్కడ ఓటున్నవాడికి ఇంకో తలనొప్పి. కాలిఫోర్నియాలో మొదలే 7.25. పైన జనం ఓటేసినవి చేరుతూ పోతాయి. శాన్ హోసేలో 2016లో పావు సెంటు, పదిహేనేళ్లకి. ఈ నవంబర్ 4న శాంటా క్లారా కౌంటీలో మెజర్ ఎ అనే ప్రతిపాదన, ఐదేళ్లపాటు 0.625 శాతం. ఫెడరల్ డబ్బు తగ్గితే కౌంటీ ఆసుపత్రులు ఏం కావాలని పెట్టారు. నెగ్గింది. ఏప్రిల్‌లో మొదలైతే శాన్ హోసేలో మొత్తం 10 శాతం.

మెలిక ఎక్కడంటే, డబ్బు ఫలానా పనికే అని రాసి కౌన్సిల్ ఓటు పెడితే మూడింట రెండొంతులు కావాలి. దేనికైనా వాడుకుంటాం అంటే సగానికి ఒక్క ఓటు ఎక్కువైతే చాలు. కాబట్టి చాలామంది రెండోదే పెడతారు. పాంప్లెట్ మీద ఆసుపత్రి బొమ్మ, చట్టంలో "సాధారణ అవసరాలు". నేను అవుననే వేశా, తెలిసే వేశా. పక్క ఊళ్లో కారు కొని తప్పించుకుందామనుకునే వాళ్లకి ఒక మాట: కారు మీద రేటు మీరుండే ఊరిదే.

లెక్కలపిచ్చి | మధ్యాహ్నం 12:33

ఆ విషయంలో మేము నయం. టెక్సస్‌లో కారు మీద 6.25 అంతే, స్థానికం లేదు.

తాతయ్య గారి ప్రశ్నకి వద్దాం. ఓటు లేని వాళ్ల సంగతి పక్కన పెట్టండి, ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు? మే నెల సిటీ ఎన్నికకి వచ్చేది చాలా కొద్దిమంది. నవంబరులో ప్రెసిడెంట్ ఓటుకి క్యూ కట్టినవాళ్లు మేలో కనపడరు. 13 ఊళ్ల రైలు ఉంటుందా పోతుందా అన్నది ఆ కొద్దిమంది తేలుస్తారు. శీనూ, నీకు సిటిజన్‌షిప్ ఉందిగా, కళాకేంద్రం ఓటుకి వెళ్లావా?

ఫ్రిస్కో శీను | మధ్యాహ్నం 1:20

...వెళ్లలేదు. పాప కూచిపూడి ప్రోగ్రాం ఉండింది ఆ రోజు.

రోజా అర్లింగ్టన్ | మధ్యాహ్నం 1:24

"కాదన్నాం" అన్నావుగా నిన్న!

ఫ్రిస్కో శీను | మధ్యాహ్నం 1:31

ఊరు కాదంది. నేను ఊళ్లో ఉన్నా. సరే, తప్పు నాదే. ఇంకో నిజం కూడా చెప్పేస్తా, ఎలాగూ పరువు పోయింది. ఆగస్టులో ఇల్లు మారాం. ఇప్పుడు ఉండేది ప్లేనోలో. పేరు మార్చుకోలేదంతే.

కిరాణాకొట్టు | మధ్యాహ్నం 1:33

అయితే ఆ ఖాళీ బస్సులు నీవే తమ్ముడూ.

లెక్కలపిచ్చి | మధ్యాహ్నం 1:50

అయితే మే 2న నీకు ఓటుంది, కానీ పాత అడ్రసు మీద కాదు. ఏప్రిల్ 2 లోగా మార్చుకోవాలి. ఫ్రిస్కోలో మీ పాత ఇల్లు కొలిన్ కౌంటీ వైపా, డెంటన్ వైపా? కొలిన్ అయితే ప్లేనో కూడా అదే కాబట్టి ఆన్‌లైన్‌లో అడ్రసు మార్చితే సరిపోతుంది. డెంటన్ అయితే కొత్తగా ఫారం నింపి పంపాలి.

ఫ్రిస్కో శీను | మధ్యాహ్నం 2:02

డెంటన్ వైపు.

రాత్రిషిఫ్టు | మధ్యాహ్నం 2:40

ఆ ఫారం లైబ్రరీలో దొరుకుతుంది, స్టాంపు కూడా అక్కర్లేదు. నేను ఇవాళ సాయంత్రం డ్యూటీకి వెళ్తూ లైబ్రరీ మీదుగానే పోతా. మీకొకటి తెచ్చిపెట్టమంటారా? ఎటు ఓటేస్తారో నేనడగను.

ఫ్రిస్కో శీను | మధ్యాహ్నం 2:46

రెండు తేమ్మా. మా ఆవిడకి కూడా.